తోటి రైడర్ల బండ్లు అద్దెకు తీసుకోవడం: మూడేళ్ల తర్వాత నా అభిప్రాయం

మాది ఒడిశాలోని జయపురం. నాకున్నది 100 సీసీ బండి. డ్యూటీకి వెళ్లిరావడానికి బంగారంలాంటిది గానీ, 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండకి వెనకాల మనిషిని ఎక్కించుకుని వెళ్లాలంటే రొప్పుతుంది. అందుకే మూడేళ్లుగా మా రైడర్ల గ్రూపులో వాళ్ల సొంత బండ్లు రోజువారీ అద్దెకు తీసుకుంటూ వచ్చాను. ఇప్పటికి ఇరవైసార్లు అయ్యుంటుంది. ఎక్కువగా కొండదారులకు పనికొచ్చే హిమాలయన్, ఎక్స్‌పల్స్ బండ్లు.

బండిని ప్రాణంగా చూసుకునేవాళ్ల దగ్గర తీసుకుంటే ఆ తేడా మొదటి గేరులోనే తెలుస్తుంది. కోరాపుట్‌లో ఒక అన్న తాళం చేతికిచ్చే ముందు పావుగంట నిలబెట్టేశాడు. చైను కింది వైపు మధ్యలో వేలితో ఎత్తి, ఎంత ఆడాలో చూపించాడు. సైలెన్సర్ మీద గీతలు, మీటరు రీడింగు, టైర్లు అన్నీ ఇద్దరం కలిసి వీడియో తీశాం. "తమ్ముడూ, సుంకి ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. బ్రేకు నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది" అన్నాడు. ఆ పావుగంట విలువ అద్దె డబ్బుల కంటే ఎక్కువ.

అందరూ అలా ఉండరు. ఒకసారి వెనక టైరు పూర్తిగా అరిగిపోయిన బండి అంటగట్టారు. గుప్తేశ్వరం దారిలో రెండు పంచర్లు.

అసలు సమస్య వేరే. రెండో ఏడాది వానాకాలంలో ఆ కోరాపుట్ అన్న బండి మీదే పొట్టంగి నుంచి దిగుతున్నాను. మలుపులో ఎర్రమట్టి కొట్టుకొచ్చి ఉంది. జారి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, హ్యాండిల్ వంగింది, హెడ్‌లైట్ పగిలింది. బిల్లు 7,400. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకున్నాం. పాలసీ కాగితం తీసి చదివితే, అద్దెకు తిప్పితే వర్తించదని రాసే ఉంది. డబ్బులు నేనే కట్టాను, అది న్యాయం కూడా. కానీ ఎదురుగా ఎవరినైనా గుద్ది ఉంటే? ఆ పరిహారం చివరికి అన్న నెత్తిన పడేది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత తెలుసుకున్నాను. తెల్ల నంబరు ప్లేటు బండి సొంత వాడకానికే. అద్దెకివ్వాలంటే 1997 నాటి రెంట్ ఎ మోటార్ సైకిల్ స్కీమ్ కింద లైసెన్సు ఉండాలి. అలాంటి బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. ఇంకోటి, డ్రైవింగ్ లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే ఓనరుకే 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మా గ్రూపులో చాలామంది లైసెన్సు అడగను కూడా అడగరు. దయచేసి అడగండి.

మార్కులు వేయమంటే బండ్లకు ఐదుకు నాలుగున్నర, ఈ పద్ధతికి రెండే. ఇప్పుడు డబ్బులిచ్చి తీసుకుంటే నల్ల ప్లేటు బండే, అదీ విశాఖ వెళ్లినప్పుడు. ఇక్కడైతే అద్దె మాటే లేదు, బండ్లు మార్చుకుంటాం. పోయిన నెల అన్న హిమాలయన్ మీద దేవమాలి వెళ్లొచ్చాను. ఆ రెండు రోజులూ ఆయన నా పాత బండి మీద సంతకు తిరిగాడు. తిరిగి ఇచ్చేటప్పుడు చైను కడిగి, ఆయిల్ పెట్టి ఇచ్చాను. ఆయన వంగి, వేలితో చైను ఎత్తి చూసి, తాళం జేబులో వేసుకున్నాడు.