పరచాలా, చుక్కలు పెట్టాలా?

డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియా మొండి ఘటం. 1956లో అమెరికాలో, రేడియేషన్ ఇచ్చినా పాడైన మాంసం డబ్బాలో బయటపడింది. 5,000 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసుకి కొలత) గామా కిరణాలకీ లొంగదు. ఎన్ని బతికాయో తేల్చాలంటే 100 మైక్రోలీటర్ల కల్చర్‌ని (బ్యాక్టీరియా పెంచిన ద్రవాన్ని) 900 మైక్రోలీటర్ల ద్రావణంలో కలుపుతూ, పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోవాలి. ప్రతిసారీ పిపెట్ చివరి టిప్పు మార్చాల్సిందే. ఇంతవరకు పరిచే పద్ధతి, చుక్కల పద్ధతి రెండూ ఒకటే.

పరిచే పద్ధతిలో అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) ప్లేటుకి 100 మైక్రోలీటర్లు పోసి గాజు కడ్డీతో పులుముతాం. 30 నుంచి 300 కాలనీలున్న (కంటికి కనిపించే బ్యాక్టీరియా గుంపులున్న) ప్లేటునే లెక్కిస్తాం. లక్ష రెట్లు పలచన చేసిన ట్యూబు నుంచి 84 కాలనీలు వస్తే, మిల్లీలీటరుకి 8.4 కోట్లు. ప్లేట్లు మాత్రం గుట్టలుగా అవుతాయి.

చుక్కల పద్ధతిలో ఆరు పలచనల దాకా ఒకే ప్లేటు మీద, 10 మైక్రోలీటర్ల చొప్పున. చవక, త్వరగా అయిపోతుంది. అగార్ సరిగ్గా ఆరకపోతే మాత్రం చుక్క జారి పక్కదాంట్లో కలుస్తుంది. ఇక చేసిన పనంతా వృథా!

ఎంత రేడియేషన్ డోసు వాడాలో వెతికేటప్పుడు నా ఓటు చుక్కలకే. ఎక్కువ డోసు దగ్గర బతికినవి కొద్దే కాబట్టి అక్కడ పరచడమే నయం: పలచన చేయని చుక్కలో ఒక్క కాలనీ అంటే మిల్లీలీటరుకి 100, పరిచిన ప్లేటులో 10 దాకా కనిపెట్టొచ్చు.

ఈ కణాలు రెండేసి, నాలుగేసి అతుక్కుని ఉంటాయి. అందుకే ఏ పద్ధతిలోనైనా ఒక కాలనీ అంటే ఒక కణం అని కాదు.