లిన్ ఇడ్వాల్‌కి ఏ లెన్స్: వైడా, టెలీనా?

ఉత్తర వేల్స్‌లో ఎరీరి కొండల నడుమ ఉన్న సరస్సు లిన్ ఇడ్వాల్. వేల్స్‌లో తొలి జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతంగా 1954లో ప్రకటించింది ఈ చోటునే. కారు దిగాక రాళ్లు పరిచిన దారిలో అరగంట నడవాలి. అందుకే రెండు లెన్సులూ మొయ్యాలా అని ప్రతిసారీ ఆలోచిస్తాను.

16-35 మి.మీ. వైడ్, అంటే విశాలమైన దృశ్యాన్ని పట్టే లెన్స్, తేలిక. ఒడ్డున తడి రాయిని ముందు పెట్టుకుని నీళ్లు, కొండ, ఆకాశం ఒకే ఫ్రేములో పట్టొచ్చు. కానీ అక్కడి వాన నిలువుగా పడదు, గాలికి మొహం మీదికి కొడుతుంది. వైడ్‌కి హుడ్, అంటే లెన్స్ ముందుండే తొడుగు, చిన్నది కదా, గాజు మీద చుక్కలు ఆగవు. ఎఫ్16లో, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసినప్పుడు, ప్రతి చుక్కా ఫొటోలో మసక మచ్చై కూర్చుంటుంది. ఒక ఉదయమంతా ఫొటోలు తీసిన దానికన్నా గుడ్డతో తుడిచిందే ఎక్కువ.

70-200 మి.మీ. టెలీ, అంటే దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్, బరువు. రంధ్రం ఎఫ్2.8 దాకా, అంటే బాగా పెద్దగా, తెరుచుకునే రకం అయితే కిలోన్నర దాకా ఉంటుంది. అయినా దాని పొడవాటి హుడ్ చాలావరకు తడవనివ్వదు. పైగా మబ్బు చీలి, ఎదురుగా 978 మీటర్ల పెన్ ఎర్ ఓలె వెన్ కొండ మీద కాసేపు ఎండ పడితే, ఆ వెలుగు ముక్కను మాత్రమే కోసి తెచ్చుకోవచ్చు. వైడ్‌లో అది గోరంత కనిపిస్తుంది.

వాన రోజున నా ఓటు టెలీకే. గాలి లేక నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు మాత్రం వైడ్ ఒక్కటే తీసుకెళ్తాను.