రెండు పాములకని అమ్ముతున్న నాలుగడుగుల పెట్టె: ఒక్కదానికే కొనండి

3 స్టార్లు ఇస్తున్నాను. మూడూ పెట్టెకే. తగ్గించిన రెండూ దాంతోపాటు వచ్చే అడ్డుపలకకి, అట్ట మీద వేసిన బొమ్మకి.

మేము డాలస్ దగ్గర ఉంటాం. మా పెద్దాడు పెంచే బాల్ పైథాన్ (చిన్న రకం కొండచిలువ) ఎదిగి పాత ప్లాస్టిక్ డబ్బాలో పట్టక ఈ పీవీసీ పెట్టె తీసుకున్నాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. బిగించడం తేలికే. పలకలు గాడుల్లో చక్కగా కూర్చున్నాయి, గాజు తలుపులు పక్కకి జరుగుతాయి, తాళం గట్టిది. తలుపు ముందువైపు ఉండటం చాలా మంచిది. పైనుంచి చెయ్యి దిగితే పాముకి గద్ద వాలినట్టే, బెదిరిపోతుంది. అడుగు అతుకులకి సిలికాన్ మాత్రం మనమే కొని పూయాలి. కొబ్బరి పొట్టు పరిచి తడిపితే తేమ 65 శాతం దగ్గర నిలుస్తోంది. థర్మోస్టాట్ పెట్టాక వేడి వైపు 90 ఫారెన్‌హీట్, చల్లటి వైపు 78 ఉంటోంది. బాల్ పైథాన్‌కి కావలసింది సరిగ్గా ఇదే.

ఇక ఆ అడ్డుపలక. మధ్యలో దించితే రెండు పాముల్ని పెంచుకోవచ్చని అట్ట మీద రాశారు. ఎదిగిన ఒక్క బాల్ పైథాన్‌కే ఈ మొత్తం పెట్టె కనీస కొలత, ఆడవైతే ఐదడుగుల దాకా పెరుగుతాయి. దాన్ని సగం చేస్తే ఆ పాము ఒళ్ళు చాపుకోవడానికి కూడా చోటుండదు. పైగా వేడినిచ్చే దీపం బిగించే చోటు ఒక పక్కనే ఉంది. పాము ఒంట్లో వేడి దానంతటది పుట్టదు. కాసేపు వెచ్చగా, కాసేపు చల్లగా ఉన్న చోటికి తిరుగుతూ సర్దుకుంటుంది. ఆ తిరుగుడునే ఈ పలక ఆపేస్తుంది. పలకకున్న చిల్లుల్లోంచి మైట్లు, అంటే పాముల నెత్తురు పీల్చే సన్నటి పురుగులు, ఎటు కావాలంటే అటు పాకిపోతాయి.

పలక చూడగానే మా చిన్నది, "అమ్మా, నాకు కార్న్ స్నేక్ కొనిపెట్టవా, అటువైపు పెట్టుకుంటా" అంది. కుదరదన్నాను. బాల్ పైథాన్‌ది పశ్చిమ ఆఫ్రికా, కార్న్ స్నేక్‌ది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. కార్న్ స్నేక్‌కి 85 దాకా వేడి చాలు, తేమ 50 శాతం లోపే ఉన్నా హాయిగా బతుకుతుంది. ఒకదానికి సరిపెడితే రెండోదానికి ఇబ్బంది.

అట్ట మీద బొమ్మయితే ఇంకా అన్యాయం. అందులో అడ్డుపలక కూడా లేదు. రెండు పైథాన్‌లు ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఉన్నాయి. మా అత్తయ్య చూసి "ఎంత ముచ్చటగా ఉన్నాయమ్మా" అంది. ఆవిడకి అలా అనిపించడం సహజం. మన రావిచెట్ల కింద నాగశిలల మీద జంట పాములు పెనవేసుకునే ఉంటాయి. పొలం గట్టు మీద రెండు జెర్రిపోతులు పైకి లేచి మెలికలు తిరుగుతుంటే జత కట్టాయని దూరం నుంచే దణ్ణం పెట్టుకుంటాం. చాలాసార్లు అవి రెండూ మగవే. ఎదుటిదాని తల నేలకి వంచాలని పెనుగులాడుతుంటాయి.

పెట్టెలోనూ అంతే. వెచ్చటి చోటు ఒకటే ఉంటే రెండూ అక్కడికే చేరతాయి. పైనున్నది వేడిని దక్కించుకుంటుంది, కిందున్నది అణిగి ఉంటుంది. కుక్కలాగా మొరిగి చెప్పలేదు కదా, తిండి మానేస్తుంది, లేదంటే చల్లటి మూలకి పోయి నక్కుతుంది. మనకేమో అన్యోన్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

జబ్బు చేస్తే కష్టం ఇంకా ఎక్కువ. పెట్టెలో కక్కిన ఎలుక కనిపిస్తే అది ఏ పాము కక్కిందో తెలియదు. పలచటి విరేచనం ఎవరిదో తెలియదు. క్రిప్టో అనే పరాన్నజీవి సోకితే పాము కక్కుతూ చిక్కిపోతుంది, దానికి ఖాయంగా నయమయ్యే మందు లేదు. పైథాన్‌లకి నిడోవైరస్ వస్తే ఊపిరి తీయడమే కష్టమవుతుంది. బోవా రకం పాములైతే ఐబీడీ అనే వైరస్ జబ్బును పైకి ఏమీ కనిపించకుండా మోస్తూ తిరగగలవు. అందుకే కొత్త పామును కనీసం 3 నెలలు వేరే గదిలో, వేరే పట్టకారుతో, వేరే నీళ్ళ గిన్నెతో ఉంచమంటారు.

మేత వేళ ప్రమాదం సరేసరి. ఒకే ఎలుకను రెండూ చెరో చివర పట్టుకుంటే, పళ్ళు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి వదలడం తేలిక కాదు. ఒకటి ఎలుకతోపాటు రెండోదాన్నీ మింగడం మొదలుపెడుతుంది. కింగ్ స్నేక్ పక్కన అయితే ఏ పామునూ పెట్టకండి. దానికి సాటి పాములూ ఆహారమే, విషమున్న రాటిల్ స్నేక్‌ను కూడా తినేస్తుంది. ఆడా మగా కలిపితే ఇంకో చిక్కు: ఒళ్ళు పూర్తిగా ఎదగని ఆడపాము గుడ్లు కట్టి, పెట్టలేక ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

గుంపుగా ఉండే పాములు లేకపోలేదు. కెనడాలో మానిటోబాలోని నార్సిస్ దగ్గర ప్రతి వసంతంలో వేలకొద్దీ గార్టర్ పాములు శీతాకాలపు గుంటల్లోంచి ఒక్కసారిగా బయటికి వస్తాయి. అనుభవమున్నవాళ్ళు గార్టర్లను పెద్ద పెట్టెలో కలిపి పెంచుతారు, వాళ్ళు కూడా మేత విడివిడిగానే పెడతారు. అట్ట మీదున్నవి గార్టర్లు కావు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇది చదివేవాళ్ళకి ఒక మాట. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్‌లాంటి విదేశీ పాము ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పెట్టె కొనేముందు ఆ సంగతి చూసుకోండి.

మా చిన్నదానికి కార్న్ స్నేక్ వస్తే వేరే పెట్టె, వేరే థర్మోస్టాట్ కొంటాం. చోటో డబ్బో లేకపోతే ఒక్క పాముతోనే ఆగండి, తోడు లేదని అది బెంగపెట్టుకోదు. తయారుచేసిన వాళ్ళు ఇది చదివితే, ఆ పలకను మానేసి అదే ఖర్చుతో దాక్కునే గూళ్ళు రెండు ఇవ్వండి. వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి ఉంటే, ఉన్న ఒక్క పామూ ఎటు వెళ్ళాలన్నా భయం లేకుండా వెళ్తుంది.