జాన్సనా, ఆక్స్‌ఫర్డా? పాత ఇంగ్లీషు పుస్తకాలకి ఏ డిక్షనరీ మేలు

ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. 1700ల నాటి ఇంగ్లీషు పుస్తకం చేతిలో ఉంది, పక్కన ఏది తెరుచుకోవాలి? నేనైతే ఆక్స్‌ఫర్డే, అంటే చాలా సంపుటాల పెద్ద ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీయే అంటాను.

అలాగని జాన్సన్‌ని తక్కువ చేయట్లేదు. ఇంగ్లండు రచయిత శామ్యూల్ జాన్సన్ డిక్షనరీ 1755లో వచ్చింది, 42 వేలకి పైగా మాటలు, ఆరుగురు రాతగాళ్ళు సాయం చేశారు గానీ అర్థాలు రాసిన బుర్ర మాత్రం ఆయనదొక్కడిదే. అర్థం సూటిగా, పొందిగ్గా చెప్పడంలో ఇప్పటికీ ఆయన ఆయనే. పైగా తన కాలం వాళ్ళు ఆ మాటని ఎలా అర్థం చేసుకున్నారో ఆయన నోటే వినొచ్చు.

కానీ నా లెక్కలో అసలు తేల్చేది ఉదాహరణ వాక్యాల కింద సంవత్సరం ఉందా లేదా అన్నదే. జాన్సన్ లక్షకి పైగా వాక్యాలు ఎత్తి రాశాడు, కింద షేక్‌స్పియర్ అనో డ్రైడెన్ అనో పేరు మాత్రం ఉంటుంది, ఏడాది ఉండదు. కొన్ని వాక్యాల్ని కత్తిరించానని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు.

ఆక్స్‌ఫర్డ్ పనే వేరు. ఎడిటర్ మర్రే ఊరూరా పాఠకులకి విజ్ఞప్తి పంపి, పుస్తకాల్లోని వాక్యాల్ని కాగితం స్లిప్పుల మీద రాయించాడు. స్లిప్పు పైన ఎడమ మూల మాట, దాని కింద సంవత్సరం, రచయిత, పుస్తకం, పేజీ, ఆ తర్వాత వాక్యం. ఆయన పెరట్లోని రేకుల షెడ్డులో గోడ నిండా గూళ్ళు, ఆ స్లిప్పులన్నీ అక్కడ సర్ది ఒక్కో అర్థం కింద పాతది ముందు, కొత్తది తర్వాత పేర్చారు. 1884లో మొదటి భాగం వస్తే పూర్తయ్యేసరికి 1928, మర్రే 1915లోనే పోయాడు, మొత్తం 18 లక్షల పైచిలుకు వాక్యాలు. మీరు చదివేది 1720 పుస్తకం అనుకోండి, ఒక అర్థానికి మొదటి వాక్యమే 1810ది అయితే ఆ అర్థం ఇక్కడ పనికిరాదేమో అని వెంటనే అనుమానం వస్తుంది, జాన్సన్‌లో ఆ ఆధారం దొరకదు. అనుమానమే సుమా, అంతకన్నా పాత వాక్యాలు తర్వాత బయటపడ్డ మాటలు బోలెడు. పైగా మొదటి ఎడిషన్‌లో 18వ శతాబ్దం వాక్యాలు మిగతా కాలాలతో పోలిస్తే పలచనే, అందుకే పోప్, స్విఫ్ట్ లాంటి ఆ కాలపు రచయితల్ని చదివేటప్పుడు జాన్సన్‌ని కూడా ఓసారి తిరగేయండి.

1828లో వచ్చిన వెబ్‌స్టర్ అమెరికన్ డిక్షనరీ అమెరికా పుస్తకాలకి బాగుంటుంది, మాటల పుట్టుక గురించి అందులో రాసింది మాత్రం నమ్మకండి.

ఖర్చు సంగతంటారా, ఈ పాత ఎడిషన్లు మూడూ స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఉచితంగానే ఉన్నాయి, ఆక్స్‌ఫర్డ్ కొత్త ఆన్‌లైన్ ఎడిషన్‌కి మాత్రం చందా కట్టాలి.