పీపీ–హెచ్‌డీపీఈ మిశ్రమంలో ఫాస్ఫేట్ న్యూక్లియేటర్: సరుకు మంచిదే, పక్కన ఏం కలుపుతున్నారో చూసుకోండి

న్యూక్లియేటర్ అంటే కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు త్వరగా స్ఫటికమై గట్టిపడేలా చేసే పొడి. అది ఎందుకు వేస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. మేం వాడేది రీసైకిల్ పాలీప్రొపిలీన్ (పీపీ). అందులో హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్) ఎలాగూ కలిసి వస్తుంది, ఒక్కోసారి ఐదో వంతు దాకా. దాంతో బకెట్ మూతలు పోస్తాం. సోడియం లవణం రకం ఫాస్ఫేట్ న్యూక్లియేటర్‌ని టన్నుకి కిలో చొప్పున, అంటే 0.1 శాతం, కాంపౌండింగ్‌లోనే, అంటే ప్లాస్టిక్‌ని కరిగించి కలిపి గ్రాన్యూల్స్ చేసేటప్పుడే, వేయిస్తాం.

నన్ను పడగొట్టింది సైకిల్ టైమ్ (ఒక్కో మూతకి పట్టే సమయం) కాదు, డీఎస్‌సీ గ్రాఫ్. ప్లాస్టిక్ ఏ వేడి దగ్గర కరుగుతుందో, ఏ వేడి దగ్గర గడ్డకడుతుందో పీక్‌లుగా చూపించే పరీక్ష అది. ఈ మిశ్రమాన్ని వేడిచేస్తే రెండు పీక్‌లు విడివిడిగా కనిపిస్తాయి, హెచ్‌డీపీఈది 130 డిగ్రీల దగ్గర, పీపీది 165 దగ్గర. చల్లార్చేటప్పుడు మాత్రం రెండూ 115 డిగ్రీలకి కాస్త అటూఇటూగా స్ఫటికమవుతాయి. అందుకని ఒకటే లావుపాటి పీక్ వస్తుంది, అందులో ఏది ఎవరిదో తేల్చలేం. న్యూక్లియేటర్ వేశాక పీపీ పీక్ 125 దాటి పైకి జరిగింది. హెచ్‌డీపీఈది ఉన్నచోటే ఉండిపోయింది, ఎందుకంటే అది తనంతట తానే గబగబా గడ్డకడుతుంది, దానికి ఈ పొడి సాయం పెద్దగా అక్కర్లేదు. చిటికెడు పొడి రెండిటినీ అలా విడదీయడం కాగితం మీద చూస్తే భలే ముచ్చటేసింది. మూత ముందే గట్టిపడుతోంది కాబట్టి అచ్చులోంచి ముందే తీయగలిగాం. మెషీన్ టైమ్‌లో సగానికి పైగా చల్లార్చడానికే పోతుంది కదా, ఆ తేడా బాగానే తెలిసింది.

ఇక గొడవ సంగతి. ఒక లాట్ వచ్చింది. మెషీన్ దగ్గర గేజ్‌కి చక్కగా సరిపోయిన మూత మర్నాటికి బిగుసుకుపోయి బకెట్‌కి పట్టేది కాదు. కొన్ని మూతలు అంచు దగ్గర పైకి లేచాయి. చిల్లర్ నీళ్లు చూశాం, అచ్చు టెంపరేచర్ చూశాం, హోల్డింగ్ ప్రెషర్ మార్చాం. కూలింగ్ పెంచితే మూతలు దారికొస్తున్నాయి, కానీ అలాగైతే న్యూక్లియేటర్‌కి డబ్బు పోయడం దేనికి? అందరూ రీసైకిల్ మెటీరియల్ మీదకే నెట్టేశారు. చివరికి ఆ లాట్ గ్రాన్యూల్స్‌ని డీఎస్‌సీకి పంపితే, 125 దాటి ఉండాల్సిన పీక్ 118 దగ్గరకి జారిపోయి హెచ్‌డీపీఈ పీక్‌లో కలిసిపోయింది. పక్కన చిన్న భుజంలా మిగిలింది, అంతే. అచ్చులో పూర్తిగా స్ఫటికం కాని మూత బయటికొచ్చాక నింపాదిగా ఆ పని పూర్తిచేసుకుంటూ కుంచించుకుపోతోందన్నమాట.

పొడి తూకం సరిగ్గానే ఉంది. మారింది ఇంకొకటి. ఉత్ప్రేరకం వదిలిన క్లోరైడ్‌ని అణచడానికి మా కాంపౌండర్ అంతకుముందు హైడ్రోటాల్‌సైట్ వేసేవాడు. మాకు చెప్పకుండా దాని బదులు కాల్షియం స్టియరేట్ వేశాడు. ఆమ్లాన్ని అణచడం వరకు రెండూ ఒకటే పని చేస్తాయి. కానీ ఈ న్యూక్లియేటర్ సోడియం లవణం. కరిగిన ప్లాస్టిక్‌లో స్టియరేట్‌లోని కాల్షియం ఆ సోడియం స్థానంలోకి దూరుతుంది, అలా ఏర్పడే కాల్షియం లవణానికి పీపీని స్ఫటికం చేసే సత్తా బాగా తక్కువ. అడిగితే, 'రెండూ ఒకటే కదండీ' అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మళ్లీ హైడ్రోటాల్‌సైట్‌కి మార్పించాక పీక్ వెనక్కొచ్చింది.

వెనక్కొచ్చిందన్నాను గానీ, ప్రతిసారీ మొదటి ఎత్తుకి రావడం లేదు. పాత పీపీలో, హెచ్‌డీపీఈలో కాల్షియం స్టియరేట్ ముందే ఉండే అవకాశం ఎక్కువ, అది తుక్కుతోపాటే వచ్చేస్తుంది. కొత్త పీపీలోనూ అది ఉండొచ్చు, కాబట్టి అది వాడేవాళ్లు కూడా ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

రంగుల విషయంలో ఒక మేలు మాత్రం నేను ఊహించలేదు. థాలోసయనిన్ నీలం తానే ఒక న్యూక్లియేటర్‌లా పనిచేస్తుంది కాబట్టి ఇదివరకు ఒకే అచ్చులో నీలం మూతకీ తెల్ల మూతకీ కొలత తేడా వచ్చేది. ఇప్పుడు ఆ తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు.

మూత గట్టిగా ఉందని మొదట్లో అందరికీ చెప్పుకున్నాను. వంగకుండా ఉండటం నిజమే. కింద పడేస్తే పగలడం మాత్రం తగ్గలేదు, వెల్డ్ లైన్ (అచ్చులో కరిగిన ప్లాస్టిక్ ధారలు రెండు కలిసే గీత) దగ్గర పాత బలహీనతే. పీపీనీ హెచ్‌డీపీఈనీ ఒకదానికొకటి అంటించడం దీని పని కాదు. అందుకు ఇథిలీన్–ఆక్టీన్ ఎలాస్టోమర్ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్ కలిపాం, అది వచ్చిన గట్టిదనంలో కొంత లాగేసుకుంది.

మావి మందపాటి మూతలు, డీఎస్‌సీ చేయించుకునే వీలుంది, కాబట్టి నేను ఇదే వాడతాను. పల్చటి గోడల సరుకు చేసేవాళ్లకి కూలింగ్ ఎలాగూ తక్కువే, ఇంత లాభం కనిపించకపోవచ్చు. లాట్‌లు తరచూ మారుతూ, పరీక్షకి దారి లేనివాళ్లు టాల్క్‌తో సరిపెట్టుకుంటే నేను కాదనను. అది పీక్‌ని ఇంత పైకి జరపదు, మోతాదు కూడా ఎక్కువ పడుతుంది, కానీ స్టియరేట్‌తో దానికి పేచీ లేదు.