పొట్టి గడ్డపు ఐరిస్: ఏడేళ్లు పెంచాక నా మాట

రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే ఈ పొట్టి ఐరిస్ పూల మొక్క గురించి నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే: దీని దుంప వీపు ఎండకు కనిపిస్తూ ఉండాలి. ఈ నియమాన్ని మొదటి రెండేళ్లు తెలియకుండానే పాటించాను, మూడో ఏట మేలు చేస్తున్నాననుకొని తప్పాను, ఆ తప్పుకు మడిలో సగానికి పైగా పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ప్రతి వసంతంలోనూ దుంపల మీద పేరుకున్న మట్టిని చేత్తో తుడిచి, వాటికి మళ్లీ ఎండ తగిలేలా చేస్తున్నాను. ఆ పనిలో నాకు కలిగే సంతోషం పూలు చూసినప్పటి సంతోషానికి ఏమాత్రం తీసిపోదు.

మా ఇల్లు డెన్వర్‌ను ఆనుకొని ఉన్న అరోరాలో ఉంది. ఏడాదికి వాన, మంచు కలిపి సుమారు 15 అంగుళాలే కురిసే ప్రాంతం ఇది. మట్టి తడిస్తే జిగురు, ఎండితే పెంకు. దక్షిణపు గోడ వెంబడి ఉన్న మడికి ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. అందులో గ్రీన్ స్పాట్, చెర్రీ గార్డెన్, బేబీ బ్లెస్డ్ అనే మూడు రకాలను నాటాను. గ్రీన్ స్పాట్ 1951లో పాల్ కుక్ విడుదల చేసిన తొలి పొట్టి రకాలలో ఒకటి; తెల్లటి పువ్వు, వాలు రేకుల మీద ఆకుపచ్చని మచ్చ. ఎత్తుగా పెరిగే తోట ఐరిస్‌లను, తూర్పు ఐరోపా గడ్డిమైదానాలలో సహజంగా పెరిగే ఐరిస్ ప్యుమిలాతో సంకరపరచి ఆయన ఈ వర్గాన్ని తయారు చేశాడు. వీటి రక్తంలో సగం ఆ మైదానాలది కనుకనే ఎండ, పొడి నేల, గడ్డకట్టే చలి వీటికి పుట్టింటి వాతావరణం వంటివని నేను ఆలస్యంగా గ్రహించాను.

ఆ చలి సంగతి రెండో వసంతంలోనే తెలిసింది. ఏప్రిల్ చివరి వారంలో గ్రీన్ స్పాట్ నిండుగా విచ్చుకున్న రాత్రే ఆరంగుళాల తడి మంచు కురిసింది. మా ముంగిట్లో తులిప్ కాడలు నడుముకు విరిగి పడ్డాయి. ఈ మడిలో ఏ మొక్కా అడుగు ఎత్తు దాటలేదు కాబట్టి మంచు వాటిని విరవకుండా పూర్తిగా కప్పేసింది. మూడో రోజు మధ్యాహ్నం మంచు కరిగేసరికి, విచ్చి ఉన్న పూలు నానిన కాగితాల్లా అణిగిపోయాయి గానీ, కాడలు ఒకటొకటిగా లేచి నిలబడ్డాయి, మొగ్గలన్నీ గట్టిగానే ఉన్నాయి. ఐదో రోజుకు ఆ మొగ్గలు విచ్చి మడి మళ్లీ పూలతో తెల్లబడింది. ఆ వారమంతా ఫోన్ చేసిన ప్రతివారికీ ఈ మొక్కకు ఏ సేవా అక్కర్లేదని చెప్పాను.

ఆ మాటను తర్వాతి ఏడాదే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పటికి దుంపలు ఒకదానిపై ఒకటి ఎక్కి, సగానికి పైగా నేల మీదికి వచ్చి, ఎండకు గోధుమరంగు తిరిగాయి. మాది ఆర్మూరు దగ్గరి ఊరు. పసుపు చేనులో దుంప బయటపడితే మట్టి ఎగదోయడం చిన్నప్పటి నుంచి చూసిన పని; అలా చేయకపోతే దుంప ఊరదు, దుంపతొలుచు ఈగ గుడ్లు పెడుతుంది. ఐరిస్ దుంప చూడటానికి అల్లం, పసుపు కొమ్ముల్లాగే ఉంటుంది కనుక, పూలు అయిపోయిన మే నెలలో రెండంగుళాల మట్టి ఎగదోసి, దాని మీద చెట్టు బెరడు ముక్కలు పరిచాను. అంతటితో ఆగక, గడ్డి కోసం వేసిన స్ప్రింక్లర్ తల ఒకదాన్ని మడి వైపు తిప్పి, వారానికి మూడుసార్లు నీళ్లు పడేటట్లు చేశాను.

జూలై రెండో వారానికి ఆకుల కొనలు గోధుమరంగుకు మారాయి. అది ఎండదెబ్బ అనుకొని నీళ్లు ఇంకాస్త పెంచాను. తర్వాత విసనకర్రలా నిలబడే ఆకుల గుత్తి ఒకటి పక్కకు ఒరిగింది, పట్టుకొని లాగితే ఏ పట్టూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. దాని కింద దుంప ఉండవలసిన చోట పై తోలు మాత్రమే మిగిలి ఉంది, లోపలంతా పులిసిన గంజిలా జారిపోతోంది. ఆ వాసన రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతిని వదల్లేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. "దుంపకుళ్ళే బిడ్డా, నీళ్లు నిలిచినయి, మురుగు పోయే తొవ్వ లేదు" అంది, రెండో మాటకు తావు లేకుండా. నీళ్ల విషయంలో ఆమె మాట అక్షరాలా నిజం. మరునాడే స్ప్రింక్లర్ తల తిప్పేశాను, మడి చుట్టూ కాలువ తీశాను. మట్టి ఎగదోసిన సంగతి కూడా చెబితే, ఆ పని మంచిదే చేశావంది. నేనూ అదే నమ్మాను కనుక మట్టిని అలాగే ఉంచాను. ఇంకో రెండు వారాలు గడిచినా కుళ్ళు ఆగలేదు, ఒక కుదురు నుంచి ఇంకో కుదురుకు పోతూనే ఉంది.

విషయం బోధపరచింది మడి చివరి కుదురు. అక్కడ ఒక కుందేలు గుంత చేసుకోవడానికి మట్టిని గీరి వదిలేసింది, నాలుగు దుంపలు బయటపడి ఉన్నాయి. అవే నీళ్లు, అదే ఎండ, అదే మట్టి అయినా ఆ నాలుగూ రాయిలా గట్టిగా ఉన్నాయి; దానికి జానెడు దూరంలో మట్టి కప్పుకొని ఉన్నవి మాత్రం జావగారిపోయాయి. దాని ముందు ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. పసుపుకు ప్రాణం పోసే పని దీనికి ప్రాణం తీసింది. పసుపులో దుంపకుళ్ళును సాధారణంగా తెచ్చేది తడి నేలలో బతికే పిథియం అనే శిలీంధ్రం వంటి జీవి. ఐరిస్‌ను కుళ్ళబెట్టేది దుంపకు తగిలిన చిన్న గాయం గుండా లోపలికి పోయే బాక్టీరియా. ఎండ, గాలి తగులుతూ ఉంటే ఆ గాయం ఎండి పొర కట్టుకుంటుంది. మట్టి, బెరడు, తడి మూడూ కలిసి దానికి ఆ అవకాశం లేకుండా చేశాయి.

మొత్తం 23 కుదుళ్లూ తవ్వి తీశాను. కుళ్ళినంత మేరా పాత గరిటెతో గీరి, తెల్లటి గట్టి కండ తగిలేదాకా పోయాను. కోసిన ప్రతిసారీ చాకును, ఆఖరున దుంపలను, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో ముంచాను. తర్వాత మూడు రోజులు ఎండబెట్టాను. చివరికి దక్కినవి తొమ్మిది. మడి మట్టిలో మూడో వంతు సన్న కంకర కలిపి, మా ఊళ్లో చేసినట్లే బోదెలు పోసి, ప్రతి బోదె వీపు మీద ఒక దుంపను కూర్చోబెట్టి, వేళ్లను రెండు పక్కలకు దించి వాటి మీద మాత్రమే మట్టి వేశాను. మరుసటి వసంతంలో మూడే పూలు వచ్చాయి, ఎందుకంటే దుంప ఒక్కసారే పూస్తుంది, దాని పక్కన పుట్టిన పిల్లలు ఎదగడానికి సమయం పడుతుంది. ఆ పైఏడు మాత్రం మడి నిండింది. ఆ మే నెలలో ఇక్కడికి వచ్చిన అమ్మ, వేడెక్కి ఉన్న దుంప మీద చెయ్యి పెట్టి, "ఇదేం దుంప బిడ్డా, ఎండల పండుకుంటది!" అని చాలాసేపు అక్కడే నిలబడింది. అల్లంలా ఉంది కదా అని ఆమె గోటితో గిచ్చి వాసన చూడబోతే ఆపాను. ఈ దుంప నోట పడితే వాంతులు, విరేచనాలు అవుతాయి, రసం తగిలితే కొందరి చర్మం మండుతుంది. చిన్నపిల్లలో, కుక్కో ఉన్న ఇళ్లవారు ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోవాలి.

మంచును తట్టుకుంటుందని పైన రాసినదానికి ఇక్కడ ఒక సవరణ అవసరం. ఐదో ఏట ఏప్రిల్ మధ్యలో, కాడలు అప్పుడే లేస్తున్న సమయంలో, మంచు లేకుండా పొడి చలి వచ్చి ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు ఎనిమిది డిగ్రీల కిందికి పోయింది. దుంపలకు ఏమీ కాలేదు గానీ, ఆకుల మధ్యనే మొగ్గలు నల్లబడి, ఆ ఏడాది చెర్రీ గార్డెన్ ఒక్క పువ్వూ ఇవ్వలేదు. అంటే కప్పిన మంచు కాపాడింది, కప్పు లేని చలి కాపాడలేదు.

పూల విషయంలోనూ అంతే. ఒక్కో పువ్వు రెండు మూడు రోజులకు మించి నిలవదు. మడి మొత్తం కలిపి మూడు వారాలు, ఆ పైన ఏడాది పొడుగునా కత్తుల్లాంటి ఆకులే, అవి కూడా ఆగస్టుకు వన్నె తగ్గుతాయి. కాడ పొట్టిది కనుక దేవుడి ముందు చిన్న గ్లాసులో పెట్టుకోవచ్చు, అంతకు మించి దేనికీ పనికిరాదు. బేబీ బ్లెస్డ్ శరదృతువులో రెండోసారి పూస్తుందని తెచ్చుకున్నాను, ఏడేళ్లలో రెండేళ్లే పూసింది. ఇక్కడ అక్టోబరు మొదట్లోనే గడ్డకట్టే రాత్రులు మొదలవుతాయి. పైగా రెండో పూత కావాలంటే వేసవిలో నీళ్లు ఎక్కువ పెట్టాలి, ఆ నీళ్లను చూస్తే నాకు మూడో ఏడు గుర్తొస్తుంది. అందుకే పెట్టడం లేదు. ధైర్యం ఉన్నవారి తోటలో ఆ రకం ఇంతకన్నా బాగానే పూయవచ్చు.

నాకున్నట్లు రోజంతా ఎండ, పొడి గాలి ఉన్నవారు వెనకాడకుండా నాటవచ్చు. చలికాలపు గట్టి చలి లేనిదే ఇది పూయదు కనుక, హైదరాబాదు నుంచి దుంపలు అడిగిన బంధువులకు వద్దనే చెప్పాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా చెల్లెలి పరిస్థితి వేరు. అక్కడ వేసవి తేమతో పాటు, ఆకులోకి దూరి అక్కడి నుంచి దుంపలోకి తొలుచుకుపోయే ఐరిస్ పురుగు బెడద కూడా ఉంది. శరదృతువులో ఎండిన ఆకులను ఏరి తీసేస్తే వాటి మీద ఉన్న గుడ్లు చాలావరకు పోతాయని ఆమెకు చెప్పాను. మూడు నాలుగేళ్లకు ఒకసారి కుదుళ్లు విడదీయాలి, లేకుంటే నడుమ బోసిపోతుంది. ఈ జూలైలో విడదీసినప్పుడు చెర్రీ గార్డెన్ ముక్కలు ఐదు ఎండబెట్టి, కాగితంలో చుట్టి ఆమెకు పంపాను. వాళ్ల వెనక పెరట్లో ఎండ రోజుకు ఐదు గంటలే. వేసవి వానలకు మట్టి కొట్టుకొచ్చి దుంపల మీద చేరినప్పుడల్లా తుడుస్తానని మాట ఇచ్చింది.