కిందికి దించే పోటీనా, తలుపులు మూసిన పోటీనా: రగ్బీకి ఏది మేలు?

2023–24 సీజన్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్ రగ్బీలో న్యూకాజిల్ ఫాల్కన్స్ 18 మ్యాచ్‌లు ఆడి 18కి 18 ఓడిపోయింది. అదే ఏడాది కింది అంచె పోటీ అయిన చాంపియన్‌షిప్‌లో లండన్ పశ్చిమాన ఉన్న ఈలింగ్ ట్రెయిల్‌ఫైండర్స్ టైటిల్ కొట్టింది. పాత పద్ధతి ప్రకారమైతే న్యూకాజిల్ కిందికి దిగాలి, ఈలింగ్ పైకి రావాలి. రెండూ జరగలేదు. పై అంచెలో ఆడాలంటే 10,001 మంది పట్టే స్టేడియం కావాలన్నారు, ఈలింగ్‌కు అది లేదు. (ఆ చివరి ఒక్క సీటు ఎందుకో నిబంధన రాసినవాళ్లకే తెలియాలి.) 2022లోనూ ఆ క్లబ్బు ఇలాగే గెలిచి, ఇలాగే ఆగిపోయింది. న్యూకాజిల్‌నేమో 2025 ఆగస్టులో రెడ్‌బుల్ కంపెనీ కొనేసి న్యూకాజిల్ రెడ్‌బుల్స్ అని పేరు మార్చింది.

గొడవంతా ఇక్కడే ఉంది. ప్రమోషన్ (గెలిచిన జట్టు పై అంచెకు ఎక్కడం), రెలిగేషన్ (ఆఖరి జట్టు కింది అంచెకు దిగడం) ఇక పూర్తిగా ఎత్తేసి, ఐపీఎల్ లాగా ఫ్రాంచైజీ పద్ధతికి మారిపోదామని పై క్లబ్బులు 2025లో గట్టిగా పట్టుబట్టాయి. ఎత్తేస్తే మేము ఆడేదెందుకని కింది క్లబ్బులు అడిగాయి. ఇంగ్లిష్ చానెల్ దాటితే ఫ్రాన్స్‌లో ఈ గొడవే లేదు. అక్కడ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దిగుతారు, ఎవరో ఒకరు ఎక్కుతారు. అయినా ప్రపంచంలో అత్యంత బలమైన క్లబ్ రగ్బీ అక్కడిదే. మరి ఏది మేలు?

మనకు ఈ ప్రశ్న కొంచెం వింతగా తోస్తుంది. హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్ 2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచి, 2009లో కప్పు ఎత్తింది. సన్‌రైజర్స్ 2023లో ఆఖరి స్థానం, 2024లో ఫైనల్. రెలిగేషన్ ఉండి ఉంటే ఈ రెండు కథలూ ఉండేవి కావు. కాబట్టి మూసిన తలుపే మనకు సహజం. అయితే అదే దక్కన్ చార్జర్స్ 2012లో ఏమైందో కూడా గుర్తుంచుకోవాలి. ఆటలో ఓడి కాదు, డబ్బు వ్యవహారాల్లో చితికి ఫ్రాంచైజీయే రద్దయింది.

మూసేయమనేవాళ్ల వాదన

వాళ్ల మాట తీసిపారేయదగ్గది కాదు. రగ్బీ క్లబ్బు నడపడం ఇంగ్లండ్‌లో నష్టాల వ్యాపారం. చాలా క్లబ్బులు యజమాని జేబులోంచి, అతనిచ్చిన అప్పుల మీద బతుకుతున్నాయి. దానికి తోడు ఒక్క చెడ్డ సీజన్ వస్తే కిందికి పోతామంటే కొత్తగా డబ్బు పెట్టేవాడు ఎందుకు వస్తాడు? కిందికి పోతే టీవీ డబ్బు తగ్గుతుంది, స్పాన్సర్లు జారుకుంటారు, మంచి ఆటగాళ్లు వెళ్లిపోతారు. ఆ టెన్షన్‌లో కోచ్‌ను మధ్యలోనే పీకేస్తారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడిని ఆడించాల్సిన చోట ముప్పై మూడేళ్ల విదేశీ ఆటగాడిని తెచ్చిపెట్టుకుంటారు.

పైకి రావడం కూడా చంపగలదు. లండన్ వెల్ష్ 2014లో ప్రీమియర్‌షిప్‌కు ఎక్కి, 2014–15లో ఆడిన 22 లీగ్ మ్యాచ్‌లూ ఓడింది. మళ్లీ దిగింది, 2017 మొదలయ్యేసరికి ప్రొఫెషనల్ క్లబ్బుగా కథ ముగిసింది. తలుపు మూసేద్దాం అనేవాళ్లు ముందుగా చూపించే ఉదాహరణ ఇదే, చూపించాల్సిందే కూడా.

ఇంతవరకూ ఒప్పుకోవచ్చు. కానీ ఈ వాదనకు పరీక్ష ఇప్పటికే జరిగిపోయింది, ఫలితం వచ్చేసింది.

కోవిడ్ తర్వాత 2021లో ఇంగ్లండ్ రెలిగేషన్‌ను ఆపేసింది. అంటే 2022–23లో పై అంచెలో ఉన్న 13 క్లబ్బుల్లో ఎవరికీ కిందికి పోయే భయం లేదు. ఆ సీజన్‌లోనే మూడు క్లబ్బులు కూలిపోయాయి. 2022 సెప్టెంబర్‌లో పన్ను బకాయిలతో వార్సెస్టర్ వారియర్స్. అక్టోబర్‌లో వాస్ప్స్: 2004, 2007లో యూరప్ చాంపియన్, అది కూలిన ఒక్కరోజే 167 మంది ఆటగాళ్లు, సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. 2023 జూన్‌లో లండన్ ఐరిష్. 13 కాస్తా 10 అయ్యాయి. వాస్ప్స్‌ను ముంచింది పాయింట్ల పట్టిక కాదు. 2014లో లండన్ వదిలి కోవెంట్రీకి మకాం మార్చి, అక్కడి స్టేడియం కోసం జనం దగ్గర 3.5 కోట్ల పౌండ్ల బాండ్లు తీసుకుంది, గడువొచ్చాక తిరిగి కట్టలేకపోయింది. లండన్ ఐరిష్‌ను అమ్మడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు, అంతే.

దీనికి ముందు డబ్బే రాలేదా అంటే వచ్చింది. సీవీసీ అనే పెట్టుబడి సంస్థ ప్రీమియర్‌షిప్‌లో 27 శాతం వాటాను దాదాపు 20 కోట్ల పౌండ్లకు కొంది. 2018 చివర కుదిరిన ఆ ఒప్పందంతో ప్రతి క్లబ్బు ఖాతాలో పెద్ద మొత్తం పడింది. నాలుగైదేళ్లు తిరక్కుండానే మూడు క్లబ్బులు లేవు. అంటే జబ్బు ఒకటి, మందు మరొకటి.

సారసెన్స్ కథ చెప్పే సంగతి

నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికంటే బరువైన ఉదాహరణ లండన్ క్లబ్బు సారసెన్స్. జీతాల పరిమితిని వరుసగా దాటారని తేలి, 2019 నవంబర్‌లో ఆ క్లబ్బుకు 35 పాయింట్ల కోత, 53.6 లక్షల పౌండ్ల జరిమానా పడ్డాయి. డబ్బున్న యజమానికి జరిమానా ఒక లెక్క కాదు. చివరికి నొప్పి తగిలింది 2020 జనవరిలో, ఆ సీజన్ ముగియగానే కింది అంచెకు దించుతున్నామని ప్రకటించినప్పుడు. యూరప్ చాంపియన్ ఒక ఏడాది చిన్న మైదానాల్లో ఆడింది. 2021లో తిరిగి వచ్చింది, 2023లో మళ్లీ చాంపియన్ అయింది. శిక్ష పడింది, క్లబ్బు బతికింది.

తలుపు మూసిన పోటీలో ఇలాంటి మోసం జరిగితే తప్పుచేసినవాణ్ని పంపడానికి కింద మెట్టే ఉండదు. ఐపీఎల్‌లో చెన్నైని, రాజస్థాన్‌ను రెండేళ్లు బయట కూర్చోబెట్టారు కదా అనవచ్చు. నిజమే, ఆ రెండేళ్లకు పుణె, గుజరాత్ జట్లు కొనడానికి మన దగ్గర క్యూ ఉంది. ఉన్నదే పది క్లబ్బులైన ఇంగ్లండ్‌కు ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఇంకో సంగతి. కిందికి పోవడమంటే చావే అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ చరిత్ర అలా లేదు. హార్లెక్విన్స్ 2005లో దిగింది, 2012లో, 2021లో చాంపియన్. నార్తాంప్టన్ 2007లో దిగింది, 2014లో, 2024లో చాంపియన్. ఎక్సెటర్ 2010లో మొదటిసారి పైకొచ్చి 2017లో టైటిల్, 2020లో టైటిల్‌తో పాటు యూరప్ కప్పు కూడా పట్టుకుపోయింది. 2009లో తలుపు మూసి ఉంటే ఎక్సెటర్ అనే జట్టు పేరు మనం విని ఉండేవాళ్లమే కాదు.

ఫ్రాన్స్‌లో ఏం చేస్తున్నారు

అక్కడి పై అంచె అయిన టాప్ 14లో 14 క్లబ్బులు, దాని కింద ప్రో డీ2లో 16. ఆఖరి జట్టు నేరుగా దిగిపోతుంది, ప్రో డీ2 విజేత ఎక్కుతుంది. 13వ జట్టు మాత్రం ప్రో డీ2 ఫైనల్లో ఓడిన జట్టుతో ఒకే ఒక్క మ్యాచ్ ఆడి తన చోటు కాపాడుకోవాలి. 2022 చాంపియన్ మోంపెలియే రెండేళ్లకే ఆ గతికి వచ్చి, గ్రెనోబుల్ మీద 20–18తో గట్టెక్కింది. గ్రెనోబుల్ పరిస్థితి మరీ పాపం: 2023, 2024, 2025... మూడేళ్లూ ఇదే మ్యాచ్‌లో ఓడింది, ఆఖరిసారి పెర్పిన్యాన్ చేతిలో 11–13తో. టీవీవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? టాప్ 14 ప్రసార హక్కులకు కెనాల్ ప్లస్ అనే టీవీ సంస్థ 2023 నుంచి 2027 వరకు నాలుగు సీజన్లకు 45.44 కోట్ల యూరోలు ఇచ్చింది. పట్టిక అడుగున జరిగే మ్యాచ్‌కు కూడా ప్రాణం ఉన్నందుకే ఆ ధర.

అసలు కీలకం మైదానంలో కాదు, లెక్కల పుస్తకాల్లో ఉంది. ఫ్రాన్స్‌లో ప్రొఫెషనల్ క్లబ్బుల జమాఖర్చులు చూసే ఏ2ఆర్ (పాత పేరు డీఎన్ఏసీజీ) అనే సంఘం ఉంది. సీజన్ మొదలయ్యే ముందే ప్రతి క్లబ్బు బడ్జెట్ దాని ముందు పెట్టాలి. డబ్బు లేదని తేలితే జీతాల బిల్లుకు పరిమితి పెడుతుంది, పాయింట్లు కోస్తుంది, అవసరమైతే కింది అంచెకు పంపేస్తుంది. 2025 వేసవిలో ఐదుసార్ల ఫ్రాన్స్ చాంపియన్ బియారిట్జ్‌నే దించుతున్నానంది. అప్పీలులో ఆ క్లబ్బు బయటపడింది గానీ, పెద్ద పేరని చూసి వదల్లేదు. వార్సెస్టర్ విషయంలో ఇలా ముందే తలుపు తట్టినవాళ్లు లేరు. సీజన్ మధ్యలో జీతాలు ఆగాక లోకానికి తెలిసింది.

కుర్రాళ్లకు చోటు దొరకదన్న భయానికీ అక్కడ జవాబు ఉంది. మ్యాచ్‌కు ఎంపికయ్యే 23 మందిలో సగటున 16 మంది ఫ్రాన్స్ అకాడమీల్లో తయారైనవాళ్లే ఉండాలి. లేకపోతే పాయింట్లు పోతాయి.

అలాగని ఫ్రాన్స్ పద్ధతిని యథాతథంగా ఎత్తుకొచ్చి పెట్టలేం. అక్కడ స్టేడియాలు ఎక్కువగా మునిసిపాలిటీలవి, క్లబ్బు అప్పు చేసి కట్టుకోనక్కర్లేదు. నైరుతి ఫ్రాన్స్‌లో రగ్బీ ఊరి ఆట. కాస్త్ర్ లాంటి చిన్న పట్టణం కూడా టాప్ 14 జట్టును మోస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రతి క్లబ్బూ ఫుట్‌బాల్ నీడలో బతకాలి. టీవీ డబ్బు రాత్రికి రాత్రి పెరగదు. కానీ లెక్కల తనిఖీకి టీవీ డబ్బు అక్కర్లేదు, ధైర్యం చాలు.

మూసిన తలుపు ఎంత భద్రం?

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పసిఫిక్ దీవుల జట్లు ఆడే సూపర్ రగ్బీ ఎప్పటినుంచో మూసిన పోటీ. రెలిగేషన్ మాటే లేదు. అయినా 2017లో వెస్టర్న్ ఫోర్స్‌ను తీసేశారు (తర్వాత వెనక్కి తెచ్చుకున్నారు), 2020 తర్వాత జపాన్ సన్‌వుల్వ్స్ లేదు, 2024లో అప్పుల్లో మునిగిన మెల్‌బోర్న్ రెబెల్స్‌ను మూసేశారు. రెబెల్స్ ఆ ఏడాదే ప్లేఆఫ్స్‌కు చేరింది, పాపం. తెరిచిన పోటీలో ఓడి దిగితే మళ్లీ ఎక్కే దారి ఉంటుంది. ఇక్కడ జట్టు పోయేది బోర్డు సమావేశంలో, దాని మీద అభిమానులు చేయగలిగేదేమీ లేదు.

ఆర్360 అనే కొత్త పోటీ గురించి ఒక్కమాట. ఊళ్లతో సంబంధం లేకుండా దేశాలు తిరిగే జట్లతో 2026లో మొదలుపెడతామన్నారు. అందులో చేరే ఆటగాళ్లను జాతీయ జట్టుకు తీసుకోమని 2025 అక్టోబర్‌లో ఎనిమిది దేశాల సంఘాలు తేల్చిచెప్పాక 2028కి వాయిదా వేశారు. దాన్ని ఈ పోలికలోకి తేవడం తొందరపాటే.

మన రగ్బీ ప్రీమియర్ లీగ్ సంగతి వేరు. 2025 జూన్‌లో ముంబైలో ఆరు ఫ్రాంచైజీలతో మొదలైంది, జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ. హైదరాబాద్ హీరోస్ అందులో ఉంది, తొలి కప్పు చెన్నై బుల్స్ గెలిచింది. అక్కడ మూసిన తలుపే సరైనది. పైకి ఎక్కించడానికి కింద ప్రొఫెషనల్ క్లబ్బులు ఉంటే కదా! ఇంగ్లండ్‌లో ఆ అంచెలు నూరేళ్లకు పైబడిన ఊరి క్లబ్బులతో సిద్ధంగా ఉన్నాయి. ఉన్నదాన్ని కూలగొట్టుకోవడం తెలివనిపించుకోదు.

కాబట్టి నా ఓటు తెరిచిన తలుపుకే, కాపలా పెట్టి. నేరుగా దించకుండా ఫ్రాన్స్ తరహా ఒక్క మ్యాచ్ పెట్టండి. ఎక్కే జట్టుకు స్టేడియం పెంచుకోవడానికి నాలుగైదేళ్లు ఇవ్వండి. పైనున్నవాళ్లకైనా, కిందున్నవాళ్లకైనా సీజన్‌కు ముందే లెక్కలు తనిఖీ చేయండి. రెడ్‌బుల్ లాంటి పెట్టుబడిదారు కొన్నేళ్ల భరోసా అడిగితే ఇవ్వవచ్చు, తలుపు మళ్లీ తెరిచే తేదీ మాత్రం ఒప్పందంలోనే రాసుకోవాలి.

వార్సెస్టర్ 2025–26లో మళ్లీ మైదానంలోకి వచ్చింది, రెండో అంచెలో. దాని సిక్స్‌వేస్ స్టేడియంలో 11 వేల మందికి పైగా పడతారు, సీట్ల సాకు దానికి చెల్లదు. రేపు అది గెలుస్తూ పోతే, ఆటతో పైకి రానిస్తారా, లేక ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోమంటారా?